ఖోకా, బిందె, పశువుల కొట్టం

పోస్టు జర పెద్దగుంది, తీరికగా ఉన్నప్పుడు చదవండి.

పోయిన వారం గ్రూపుల ఒక తమ్ముడు అడిగిండు: "ఎన్‌సీసీ ఫైరింగ్‌లో కాల్చినంక ఖోకాలు ఒక్కటి పోకుండా లెక్కబెట్టి తీసుకుంటరు కదా, వాటిని మళ్ళ నింపుతరా?" కామెంట్లలో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పిన్రు. మెదక్‌ల మా హాస్టల్ రూముల నలుగురం ఎన్‌సీసీలో ఉన్నం, అందులో ఇద్దరం బీఎస్సీ. రెండు రాత్రులు దీని మీదనే మాట్లాడుకున్నం. అదే రాస్తున్నం.

తూటా అంటే ఈ గ్రూపుల చాలామందికి ముందు ఇంద్రవెల్లి యాదికొస్తది, 1981 ఏప్రిల్ 20. మాకూ అంతే. ఇక్కడ మాత్రం ఇత్తడి ముచ్చటే చెప్తం.

తమ్ముడి ప్రశ్నకు జవాబు చిన్నది. ఖోకాలు తీసుకునేది లెక్క కోసం. మనం కాల్చే పాయింట్ టూ టూ తూటాకు అడుగు అంచు లోపలనే పేలే మందు ఉంటది. రైఫిల్ సూది ఆ అంచును నలిపితే అది పేలుతది. ఒకసారి నలిగిన అంచు ఇంక పనికిరాదు. పెద్ద రైఫిళ్ళ తూటాలు అట్ల కాదు. అడుగున నడిమధ్యల చిన్న టోపీ లాంటిది ఉంటది, దాన్ని తీసి కొత్తది పెట్టొచ్చు. అమెరికా లాంటి చోట్ల షూటర్లు ఇంట్లనే నింపుకుంటరు. మన దగ్గర లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. కానిస్టేబుల్ పరీక్షలకు చదివే మనకు ఒక్క కేసు పడితే అన్ని సంవత్సరాల కష్టం పోయినట్టే. కాబట్టి ఆ జోలికి పోవద్దు.

కానీ అట్ల నింపుకునేవాళ్ళకు వచ్చే ఒక ఇబ్బంది మాకు బాగా ఆసక్తిగా అనిపించింది. మందు, గుండు ఎప్పుడూ కొత్తవే, ఖోకా మాత్రం పాతది. పేలినప్పుడు అది ఉబ్బి గొట్టం గోడకు అతుక్కుంటది. మళ్ళీ వాడాలంటే అచ్చుల పెట్టి మెడను నొక్కి సన్నం చేయాలె. ఉబ్బుడు, నొక్కుడు, మళ్ళ ఉబ్బుడు. హాస్టల్ల బట్టలు ఆరేసే తీగను అటూ ఇటూ పదిసార్లు వంచి చూడండి. మొదట మెత్తగా వంగుతది, తర్వాత గట్టిపడతది, ఆఖరికి పుటుక్కున తెగుతది. ఖోకా మెడ కూడా అట్లనే గట్టిపడి నిలువునా చీలుతది.

దానికి మందు నిప్పే. మెడ భాగాన్ని మాత్రమే కొద్దిసేపు వేడిచేస్తరు. 400 డిగ్రీలు దాటినంక లోపల నలిగిన రేణువులు పోయి కొత్త రేణువులు ఏర్పడతయి, లోహం మళ్ళ మెత్తబడుతది. అడుగు భాగానికి వేడి తగలకుండా ఖోకాలను నీళ్ళల్ల నిలబెట్టి చేసే పద్ధతి పాతది. అడుగు మెత్తబడితే పేలుడు ఒత్తిడికి ఆగదు, కాల్చేటోడి ముఖం దగ్గరనే పగులుతది. ఫ్యాక్టరీల కూడా మెడను ఇట్లనే కాలుస్తరు. మిలిటరీ తూటాల మెడ దగ్గర నీలం, గోధుమ రంగు మరక కనిపిస్తది చూడండి, అది తుప్పు కాదు, ఆ నిప్పు గుర్తు.

ఇక్కడ మా రూముల పెద్ద లొల్లి అయింది. కమ్మరి గొడ్డలిని ఎర్రగా కాల్చి నీళ్ళల్ల ముంచితే గట్టిపడుతది కదా, ఇత్తడి ఎట్ల మెత్తబడుతది అని. ఉక్కుల కార్బన్ ఉంటది, ఒక్కసారి చల్లారితే అది లోపలనే ఇరుక్కుని ఉక్కును బిగుసుకునేటట్టు చేస్తది. ఇత్తడి అంటే రాగి, జింకు (తూటాల ఇత్తడిల 70 శాతం రాగి, 30 శాతం జింకు). అందుల ఆ సంగతి లేదు. కాలినంక నీళ్ళల్ల ముంచినా, గాలికి వదిలినా మెత్తగనే ఉంటది. ఈ ముచ్చట కంచరోళ్ళకు ఎప్పటినుంచో ఎరుకే. బిందె కొట్టి కొట్టి గట్టిపడంగనే కాలుస్తరు, మళ్ళ కొడతరు. జనగామ దగ్గర పెంబర్తిల రేకు పని చేసేటోళ్ళదీ అదే దారి. మన ఆదిలాబాద్ దిక్కు ఉషేగావ్ ఓజాల పని వేరు, వాళ్ళు మైనంతో బొమ్మ చేసి పోత పోస్తరు, కొట్టేది తక్కువ.

అసలు ముచ్చట ఇప్పుడొస్తది. బ్రిటిష్ వాళ్ళ కాలంల ఇండియాల సైన్యం తూటాలు వానకాలం గుర్రాల కొట్టాల్లో దాచి పెడుతుండె. వానలు పోయినంక తీసి చూస్తే, కాల్చకుండనే మెడలు చీలి ఉండేవి. సీజన్‌తోటి వచ్చే పగులు కాబట్టి దానికి సీజన్ క్రాకింగ్ అని పేరొచ్చింది. ఎందుకైతదో 1921ల గానీ తేలలేదు. పశువుల మూత్రం నుంచి అమ్మోనియా పుడతది. కొట్టి సాగదీసిన ఇత్తడి లోపల ఒత్తిడి దాగి ఉంటది. తేమల ఈ రెండూ కలిస్తే రేణువుల మధ్య సందుల వెంబడి లోహం విడిపోతది. ఎవరూ కొట్టనక్కర లేదు. దానికి ఉపాయం ముందే సన్నగా కాల్చడం. మెత్తబడేంత వేడి కూడా వద్దు, లోపలి ఒత్తిడి సడలితే చాలు.

ఇది చదవంగనే మా రూముల ఒకడు లేచి కూర్చున్నడు. వాళ్ళ తండాల, వాళ్ళ దాది పెండ్లప్పటి ఇత్తడి బిందె రెండేండ్లు పశువుల కొట్టంల మూలకు ఉండె. బయటికి తీసేసరికి మెడ నుంచి కిందికి పగులు. వదిన పడేసిందని ఇంట్ల అందరూ అన్నరు. ఆమె ఏడ్చుకుంట పడెయ్యలేదనే చెప్పింది, ఎవరూ నమ్మలే. మెదక్ బజార్ల ఒక దుకాణంల చూపిస్తే పగిలిన మాల్ అని సగం రేటు చెప్పిండట.

దసరా సెలవులకు మేము ఇద్దరం ఆ తండాకు పోయి బిందెను చూసినం. పగులు నిలువుగ ఉంది, సన్నగ ఉంది. ఎక్కడా ఒక్క సొట్ట లేదు. పల్చటి ఇత్తడి బిందె బండ మీద పడితే సొట్ట పడకుండ ఉంటదా? దాదికి గోర్ బోలిలనే చెప్పినం. "పెండ వాసనకు బిందె పగుల్తదారా?" అని నవ్వింది. పూర్తిగా నమ్మిందో లేదో మాకు అర్థం కాలే. వదిన మాత్రం బిందెను అటు తిప్పి ఇటు తిప్పి, సొట్ట లేదు లేదని రెండుసార్లు అన్నది, అందరికీ వినపడేటట్టు.

పడిన పగులు మళ్ళ కాల్చితే పోదు, అతుకు పెట్టించాల్సిందే. పాత ఇత్తడి కింద అమ్మితే మాత్రం తూకం తూకమే, కరిగించేటోడికి పగులుతో పని లేదు. సగం రేటు చెప్తే ఇంకో దుకాణం చూడండి. ఇత్తడి సామాను ఉన్నోళ్ళు కొట్టంల నుంచి తీసి ఇంట్ల పెట్టండి. ఎవరింట్లనన్న ఇట్ల చీలిన బిందె, చెంబు ఉంటే సొట్ట ఉందా లేదా చూసి కింద ఫొటో పెట్టండి. ఎక్కడ పెట్టి ఉండెనో కూడా రాయండి.