లెక్కలోకి రాని ఆట

ఈసారి పోస్టు తెగుళ్ల గురించీ కాదు, మార్కెట్ రేటు గురించీ కాదు. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ గురించి. ఈయనకి బాస్కెట్‌బాల్‌తో ఏం పని అనుకోకండి, కాస్త ఓపిగ్గా చదవండి.

అక్కడ ఇల్లినాయ్ రాష్ట్రంలో ఛాంపెయిన్, అర్బానా అని జంట ఊళ్లున్నాయి. బల్లపరుపు నేల, కనుచూపు మేర మొక్కజొన్న, సోయాబీన్. ఆ మధ్యలో పెద్ద యూనివర్సిటీ. మన తెలుగు పిల్లలు చాలామంది చదువుతారక్కడ. మా అన్నయ్య కొడుకు కూడా అక్కడే చదివాడు. 2023 అక్టోబరులో ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట. "బాబాయ్, కెనడా నుంచి ఒటావా యూనివర్సిటీ టీమ్ వస్తోంది, మావాళ్లతో మ్యాచ్."

"గెలిస్తే ఏమొస్తుందిరా?" అన్నాను.

"ఏమీ రాదు బాబాయ్. అది ఎగ్జిబిషన్ మ్యాచ్. లెక్కలోకే రాదు."

ఎగ్జిబిషన్ అంటే మన నాంపల్లి నుమాయిష్ లాంటిది కాదు. అసలు సీజన్ నవంబరులో మొదలవుతుంది. దానికి ముందు ఆడే ఒకటి రెండు ఆటలివి. గెలుపోటములు పట్టికలో రాయరు. అయినా జనం రోజులు లెక్కపెట్టుకుంటారు. వాళ్లు ఆడే హాలు పేరు స్టేట్ ఫార్మ్ సెంటర్. ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రమేమో అనుకున్నాను. కాదట, ఇన్సూరెన్స్ కంపెనీ పేరట! పదిహేను వేల పైచిలుకు సీట్లు. విద్యార్థులు నారింజ రంగు చొక్కాలేసుకుని ఒక పక్కంతా నిలబడతారు. వాళ్ల గుంపు పేరు ఆరెంజ్ క్రష్.

లెక్కలోకి రాని ఆట కోసం ఇంత ఎదురుచూపు దేనికి? నాకు అర్థమైంది చెబుతాను.

ఇప్పుడక్కడ కాలేజీ ఆటగాళ్లు ఒక కాలేజీ వదిలి ఇంకో కాలేజీకి తేలిగ్గా మారిపోతున్నారు. ఏటా సగం టీమ్ కొత్త మొహాలే. ఆ ఏడాది మార్చిలో ఇల్లినాయ్ జాతీయ టోర్నమెంట్ మొదటి రౌండ్లోనే ఆర్కన్సా చేతిలో ఓడి ఇంటికొచ్చింది. కొందరు వెళ్లిపోయారు, కొత్తవాళ్లు వచ్చారు. సదరన్ ఇల్లినాయ్ అనే చిన్న కాలేజీలో నాలుగేళ్లు ఆడిన మార్కస్ డొమాస్క్ వచ్చాడు. పెద్దవాళ్ల మధ్య నిలబడతాడా అని అనుమానం. క్విన్సీ గెరియర్ అని ఇంకో కుర్రాడు, సొంతూరు కెనడాలోని మాంట్రియల్. సిరక్యూస్‌లో ఆడాడు, ఆరెగన్‌లో ఆడాడు, ఇక్కడికొచ్చాడు. చొక్కా మనది, లోపలి మనిషి కొత్త. ఆ కొత్త మనిషి మనవాడవుతాడా లేదా అని మొదటిసారి కళ్లారా చూసేది ఆ రోజే. స్కోరు కోసం కాదన్నమాట వాళ్ల ఆత్రం.

ఎదుటివాళ్లు విదేశీయులైతే ఇంకో లాభం. రోజూ ఆడే పక్క కాలేజీ అయితే ఎత్తులన్నీ ముందే తెలుసు. కెనడా కాలేజీలవాళ్లు అలవాటుపడింది అంతర్జాతీయ నిబంధనలకు. పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలు, బంతి చేతికొచ్చాక 24 సెకన్లలో బుట్ట వైపు వేసెయ్యాలి. అమెరికా కాలేజీల్లో ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు, 30 సెకన్లు. వాళ్ల నడక వేరు, వీళ్ల నడక వేరు. పైగా కెనడాలో అయిదేళ్లు ఆడనిస్తారు కాబట్టి కాస్త ముదురు కుర్రాళ్లు దిగుతారు.

అలాగని వాళ్లని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. అదే ఒటావా నగరంలో కార్ల్‌టన్ అని ఇంకో యూనివర్సిటీ ఉంది. 2013 ఆగస్టులో అమెరికా నుంచి విస్కాన్సిన్ లాంటి పెద్ద టీమ్ వెళ్లి 95-82 తేడాతో వాళ్ల చేతిలో ఓడింది. ఓటమి పట్టికలో పడలేదు. కానీ ఎక్కడ చిల్లు ఉందో వాళ్లకి తెలియకుండా ఉంటుందా? అదే విస్కాన్సిన్ 2014 వసంతంలో దేశం మొత్తంమీద మిగిలిన చివరి నాలుగు జట్లలో ఒకటి.

ఇక పొలం మాట. ఆ ఇల్లినాయ్ యూనివర్సిటీ నడిబొడ్డున ఒక మొక్కజొన్న చేను ఉంది. మారో ప్లాట్స్ అంటారు. 1876 నుంచి అక్కడ ప్రయోగాలు నడుస్తూనే ఉన్నాయి. ఒక మడిలో ఏటా మొక్కజొన్న మీద మొక్కజొన్నే. ఇంకో మడుల్లో పంట మార్పిడి. పంట మార్చని మడి దిగుబడి తక్కువ. అయినా దున్ని పారెయ్యలేదు. ఆ తక్కువ పండే మడి ఉండబట్టే పంట మార్పిడి విలువ లెక్కకట్టి చూపించగలిగారు. దాని పక్కన లైబ్రరీ కట్టాల్సి వస్తే, చేను మీద నీడ పడకూడదని భూమి లోపల కట్టారు! 1969లో తెరిచారు. మా వాడు ఫొటో పంపితే ఎంతసేపు చూశానో.

ఒకే ప్రాంగణంలో అమ్మకానికి కాని పంట, లెక్కలోకి రాని ఆట. రెండింటికీ మర్యాద ఉంది. తెలుసుకోవడానికి చేసే పనిలో తక్కువ పండినా, ఓడినా శిక్ష లేదు.

ఇప్పుడు మన పిల్లల సంగతి చూడండి. ఇంటర్‌లో చేరిన రోజు నుంచి వారం వారం పరీక్ష. ప్రతి మార్కూ లెక్కే, ప్రతి ర్యాంకూ గోడ మీదే. ఎన్నో కాలేజీలకి ఆడుకునే స్థలమే లేదు. తప్పు చేసి చూడటానికి ఒక్క సాయంత్రం కూడా ఇవ్వట్లేదు. కొత్త విత్తనం పది సెంట్లలో వేసి చూసి గానీ ఎకరాలకు ఎకరాలు వెయ్యం కదా మనం, మరి పిల్లల దగ్గర ఆ ఓర్పు ఏమైపోతోంది?

ఇల్లినాయ్ సంగతి ఏమైందంటారా? ఆ కొత్త మొహాల టీమే 2024 మార్చిలో దేశంలో చివరి ఎనిమిది జట్ల దాకా వెళ్లింది. 2005 తర్వాత మళ్లీ అంత దూరం వెళ్లడం అదే. అక్కడ కనెక్టికట్ చేతిలో చిత్తుగా ఓడారు, అది వేరే కథ. డొమాస్క్ నిలబడ్డాడు. అక్టోబరులో లెక్కలేని ఆట చూడ్డానికి వచ్చినవాళ్లు "ఈ కుర్రాణ్ణి మేం మొదటిరోజే చూశాం" అని చెప్పుకునే ఉంటారు.

మీ ఊళ్లో సాయంత్రం పూట పిల్లలు వాలీబాలో కబడ్డీనో ఆడుతుంటే ఒక్క పది నిమిషాలు ఆగి చూడండి. ఎవరు గెలిచారని మాత్రం అడగొద్దు. మీ ఊళ్లో అలాంటి గ్రౌండు ఇంకా మిగిలి ఉంటే కింద రాయండి, చదువుతాను.