రేకు మీద తెలుపు

అహ్మదాబాద్‌కు దక్షిణం వైపు వెళ్తే నారోల్ వస్తుంది. బట్టలకు రంగులద్దే కార్ఖానాలు, ఆగని లారీలు, కాస్త అవతల నగరం చెత్తంతా గుట్టలు పడిన పిరానా. ఆ చుట్టుపక్కలే వంజారా వాస్ అనే బస్తీ. పేరు కొత్తగా ఉందా? మన దగ్గర లంబాడీలని పిలుచుకునే బంజారాలే గుజరాతీలో వంజారాలు. వాస్ అంటే ఉండే చోటు. సుమారు 2,000 ఇళ్లు. చాలావాటికి ఒకటే గది, గాలాడదు.

మే నెల మిట్టమధ్యాహ్నం ఆ గదిలో ఎలా ఉంటుందో రేకుల ఇంట్లో ఒక్క వేసవి గడిపినవాళ్లకు చెప్పక్కర్లేదు. నెత్తిన రేకు పెనంలా కాలుతుంది. ఫ్యాను వేస్తే ఆ సెగనే కిందికి తోస్తుంది. పొద్దు గూకాక బయట కాస్త చల్లబడినా లోపల మాత్రం అర్ధరాత్రి దాకా అదే ఉడుకు. పనికి పోయిన మగవాళ్లకు చెట్టు నీడైనా దొరుకుతుందేమో, ఇంట్లోనే కూర్చుని కుట్టుపనీ పూసల పనీ చేసుకునే ఆడవాళ్లకు ఆ పాటి అదృష్టం కూడా లేదు.

అలాంటి చోట 2025 వేసవికి ముందు కొన్ని కప్పులు తెల్లబడ్డాయి!

ఎండను తిప్పికొట్టే టైటానియం డయాక్సైడ్ లాంటివి కలిపిన రంగు అది. మన పెద్దలు డాబా మీద సున్నం కొట్టించేవారే, సూత్రం అదే. కాకపోతే ఇక్కడ రంగు వేసి చేతులు దులుపుకోలేదు. 400 కుటుంబాలను ఎంచుకున్నారు. పోల్చి చూడటానికి కొన్ని ఇళ్లకు రంగు వేసి, కొన్నిటికి వేయకుండా వదిలారు. రెండు వందల మందికి పైగా చేతులకు స్మార్ట్ వాచీలు కట్టారు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, రాత్రి ఎంతసేపు నిద్ర పట్టింది... ఏడాది పాటు లెక్క రాయడానికి. జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త అదితి బంకర్ నాయకత్వంలో, గాంధీనగర్‌లోని ప్రజారోగ్య సంస్థ తోడుగా సాగిన పరిశోధన ఇది. డబ్బు పెట్టింది లండన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు. 1936లో చనిపోయిన మందుల వ్యాపారి హెన్రీ వెల్‌కమ్ వీలునామాతో పుట్టిన సంస్థ. ఎక్కడి వీలునామా, ఎక్కడి రేకు!

చల్లని ఇళ్ల నగరం

అహ్మదాబాద్‌కు ఎండ కొత్త కాదు. 1411లో అహ్మద్ షా కట్టించిన పాత నగరంలోకి వెళ్తే ఆ సంగతి తెలుస్తుంది. అక్కడి పేటల్ని పోళ్లంటారు. ఇరుకు సందులు, ఒకదాని నీడ ఒకదాని మీద పడేలా ఆనుకున్న ఇళ్లు, మధ్యలో మన మండువా లోగిలి లాంటి చౌక్, దాని కింద వాననీళ్లు దాచుకునే టాంకా. 2017లో యునెస్కో మనదేశంలో మొదటి వారసత్వ నగరంగా గుర్తించింది దీన్నే. ఎండాకాలం ఎలా బతకాలో తెలిసిన ఊరు.

మరి తెలిసిన ఊరే 2010లో ఎందుకు కుప్పకూలింది?

ఆ ఏడాది మే 21న ఉష్ణోగ్రత 46.8 డిగ్రీలకు చేరింది. ఆ నెలలో నగరంలో నమోదైన మరణాలు 4,462. అటు 2009, ఇటు 2011 మే నెలలతో పోల్చి చూస్తే 1,344 ఎక్కువ. ఆ చావుల్లో చాలావాటి పక్కన వడదెబ్బ అన్న మాట ఉండదు. గుండె ఆగిందనో, జ్వరమనో, వయసు మీద పడిందనో ఉంటుంది. పరిశోధకులు మరణాల రిజిస్టర్లు ముందేసుకుని, ఒక ఏడాది మే పక్కన ఇంకో ఏడాది మేని పెట్టి కూడితే తప్ప ఆ 1,344 బయటపడలేదు. ఆ కూడికలకూ మనుషులు కావాలి, వాళ్లకు జీతాలు కావాలి. పరిశోధన నిధులంటే ముందు గుర్తుకు రావలసింది ఇదే.

మరో ఉదాహరణ ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. అదే నగరంలో ఓ ఆసుపత్రి. బాలింతల వార్డు పై అంతస్తులో ఉండేది, నెత్తిన ఎండ పడే స్లాబు. ఆ వేసవి పసిగుడ్డులు ఒళ్లు కాలిపోతూ ఐసీయూకు వచ్చారు. 42 డిగ్రీలు దాటాక పెరిగే ఒక్కో డిగ్రీకీ అలా చేరే శిశువుల సంఖ్య 43 శాతం పెరిగిందని వైద్యులు లెక్క తీశారు. వార్డును కిందికి మార్చారు. వేడి వల్ల చేరికలు 64 శాతం తగ్గాయి. కొత్త యంత్రం కొనలేదు, మందు కనిపెట్టలేదు. మంచాలు కిందికి దించారు, అంతే!

అలాంటి లెక్కల మీదే 2013లో నగరపాలక సంస్థ వేడి తట్టుకునే కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. 45 డిగ్రీలు తాకితే ఎరుపు హెచ్చరిక. ఆ రోజు ఆసుపత్రులు, పనిచోట్లు, చలివేంద్రాలు అన్నీ సిద్ధంగా ఉండాలి. దాని వల్ల ఏటా సగటున 1,190 ప్రాణాలు నిలిచి ఉంటాయని 2018లో వెలువడిన ఓ అధ్యయనం అంచనా. దక్షిణాసియాలో ఇలాంటి ప్రణాళిక ఇదే మొదటిది. ఇప్పుడు దేశంలో ఎన్నో నగరాలు దీన్ని చూసి రాసుకున్నాయి.

అక్కల చేతిలో థర్మామీటరు

హెచ్చరిక సరే, రేకుల ఇంట్లోవాళ్లు ఆ రోజు ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్న ముందుగా పట్టుకున్నది మహిళా హౌసింగ్ ట్రస్టు. ఇలా భట్ 1972లో మొదలుపెట్టిన 'సేవా' నీడలో 1994లో పుట్టిన సంస్థ. బస్తీల్లో ఉండే ఆడవాళ్లనే కార్యకర్తలుగా తీర్చిదిద్ది, వేడి కొలవడం, ఏ కప్పు కింద ఎంత తేడా ఉందో చూడటం నేర్పింది. తెల్ల రంగు వేయించుకున్నవాళ్లు కొందరు, అట్టముక్కల వ్యర్థాలతో చేసిన పలకల కప్పు పెట్టించుకున్నవాళ్లు కొందరు. అహ్మదాబాద్‌తో మొదలై భోపాల్, జైపూర్, రాంచీ, భువనేశ్వర్, ఢాకా, కాఠ్మాండూల దాకా ఈ పని పాకింది. నిధులు వచ్చింది ఓ అంతర్జాతీయ భాగస్వామ్యం నుంచి. అందులో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌తో పాటు అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్ ఒకటి. ఆ యూఎస్‌ఎయిడ్ 2025 జూలైలో మూతపడింది. వాషింగ్టన్‌లో తలుపు మూస్తే ఆ చప్పుడు ఇంత దూరం వినిపిస్తుంది మరి.

వంజారా వాస్‌లో రంగు వేయని ఇళ్ల సంగతే కాస్త ఇబ్బంది పెడుతుంది. ఎండ అందరికీ ఒకటే, రంగు మాత్రం కొందరికే. పోలిక లేకపోతే రుజువు లేదు, రుజువు లేకపోతే ఖజానా కదలదు. శాస్త్రం పరంగా తప్పు పట్టలేం. ఇదే పరిశోధనలో భాగమైన బుర్కినా ఫాసోలో రేకుల ఇళ్ల లోపల 1.7 డిగ్రీల దాకా వేడి తగ్గిందని తొలి ఫలితాలు చెప్పాయి. గుండె వేగమూ తగ్గింది.

ఈ లెక్క మన దగ్గర జరగలేదా? జరిగింది. 2017లో హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో 25 ఇళ్ల కప్పులకు ఎండను తిప్పికొట్టే పొర పరిచారు. లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. దాని వెనకే 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల మేర చల్లని కప్పులు కావాలన్నది లక్ష్యం. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య సముదాయాలకు తప్పనిసరి. 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకూ తప్పనిసరి. అంతకంటే చిన్న ఇళ్లకు మాత్రం వాళ్ల ఇష్టం.

దేవరకొండ బస్తీలోని ఇళ్ల వైశాల్యం గజాల్లో ఎంతో వేరే చెప్పాలా!