దానంతటదే మూసుకునే తలుపు

హిల్ స్ట్రీట్‌లో ఎర్ర ఇటుకలూ తెల్ల పట్టీలతో కనిపించే సెంట్రల్ ఫైర్ స్టేషన్ 1909 నాటిది. సింగపూర్‌లో ఇంకా నిలిచి ఉన్నవాటిలో అదే పాతది. లోపలి సివిల్ డిఫెన్స్ హెరిటేజ్ గ్యాలరీకి టిక్కెట్టు లేదు. పిల్లలు పాత ఫైరింజన్ల చుట్టూ మూగారు. నా ధ్యాసంతా రాబిన్సన్స్ మీదే. 1972 నవంబరు 21న రాఫెల్స్ ప్లేస్‌లో ఆ డిపార్ట్‌మెంట్ స్టోర్ కాలిపోయింది. చనిపోయిన తొమ్మిది మందిలో ఎనిమిది మంది లిఫ్టుల్లో చిక్కుకున్నవాళ్ళే. 1974లో భవనాలకు అగ్నిభద్రతా నియమావళి వచ్చింది.

అలాంటి నియమాలు అడిగే ఫైర్ డోర్‌ను, అంటే మంటనూ పొగనూ ఆపే తలుపును, దగ్గరుండి చూపించింది మా పిన్ని కొడుకు. ఇక్కడ భవనాల మెయింటెనెన్స్‌లో పనిచేస్తాడు. వాళ్ళ కండోలో మెట్ల తలుపు తోస్తే భుజానికి పనిపడింది. వదిలేస్తే పైనున్న క్లోజర్ దాన్ని లాక్కెళ్ళి గడియపడేదాకా మూసింది.

"అన్నయ్యా, ఇక్కడ వేలు పెట్టి చూడు."

చౌకట్టు గాడిలో సన్నటి నల్ల పట్టీ. రబ్బరేమో అనుకున్నాను. బాగా వేడి తగిలితే నూనెలో వేసిన వడియంలా ఉబ్బి, సందును పూడ్చేస్తుందట. మంట ఇంకా దూరంలో ఉండగా వచ్చే పొగకు మాత్రం ఇది చాలదు, అంచున బ్రష్షులాంటి కుచ్చు వేరే ఉంది. మంటను ఎంతసేపు ఆపాలో అరగంట, గంట, రెండు గంటలని ఈ తలుపులకు లెక్కలుంటాయి. కొలిమిలో పెట్టి పరీక్షిస్తారు. మొదటి అరగంటకే లోపల వేడి 840 డిగ్రీలకు చేరుతుంది. తలుపొక్కటే కాదు, చౌకట్టు, మడతబందులు, తాళం అన్నీ కలిపే ఆ పరీక్ష. తర్వాత ఎవరో వచ్చి తమకు నచ్చిన తాళం కోసం కన్నం కొడితే ఆ లెక్క చెల్లదు.

నాకు సికింద్రాబాద్ గుర్తొచ్చింది. 2022 సెప్టెంబరులో రూబీ హోటల్ కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేస్తే, పొగ పై అంతస్తుల గదుల్లోకి ఎక్కింది. ఎనిమిది మంది పోయారు. మరుసటి మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు, అక్కడా పొగే. మన దగ్గర మెట్లదారంటే నడిచేచోటు, ఖాళీగా ఉంటే అట్టపెట్టెలు పెట్టుకునేచోటు. పొగకు అదే చిమ్నీ అవుతుందన్న ఆలోచన కట్టేవాళ్ళకే తక్కువ, కొనేవాళ్ళను ఏమనగలం?

సింగపూర్ వాళ్ళంతా బుద్ధిమంతులేమీ కాదు. రెండంతస్తులు దిగేసరికి మెట్ల తలుపు బార్లా తెరిచి ఉంది, కింద చెక్క ముక్క. ఉక్కపోతకు ఎవరో గాలి కోసం పెట్టుకున్నారు. తమ్ముడు కాలితో దాన్ని తన్ని తీశాడు. తను పనిచేసే భవనంలో ఇలాంటి తలుపులను అయస్కాంతాలు తెరిచి పట్టుకుంటాయట, అలారం మోగగానే కరెంటు ఆగి వదిలేస్తాయి.

"మరి ఇక్కడా పెట్టించొచ్చుగా?"

"మీటింగులో అడిగాను. ఖర్చన్నారు. చెక్క ముక్కయితే ఊరికే వస్తుంది కదన్నయ్యా!"