పొయ్యి ఆరకుండా ఇల్లు మారడం

అద్దె కొంపల్లో కాపురం చేసినవాళ్ళకి ఇల్లు మారడమంటే ఏమిటో నేను వేరే చెప్పనక్కర్లేదు. ముందు రోజునుంచే మూటలూ ముల్లెలూ. ఆ పూట వంట ఉండదు. ఊరగాయ జాడీ ఎవరి ఒళ్ళో పెట్టుకోవాలన్న తగువు తేలదు. ఇలాంటి అవస్థ ఏమీ లేకుండా, పొయ్యిమీద పులుసు మరుగుతూ ఉండగానే, గరిటె తిప్పుతున్న ఇల్లాలికి కూడా తెలియకుండా, కాపురాన్ని ఈ ఇంటినుంచి ఆ ఇంటికి మార్చేసే విద్య ఒకటుంది. పదిహేనేళ్ళుగా నేను అన్నం తింటున్నది ఆ విద్య మీదనే.

నా ఉద్యోగం హైదరాబాదులో ఒక డేటా సెంటర్లో. అక్కడ ఉండే పెద్ద కంప్యూటర్లని సర్వర్లంటారు. ఒక్కొక్క సర్వర్లో ఇరవయ్యో ముప్ఫయ్యో 'వర్చువల్ మెషీన్లు' కాపురముంటాయి. పేరు చూసి బెదిరిపోకండి. పెద్ద మేడని వాటాలు చేసి అద్దెకిచ్చినట్టే, ఒక సర్వర్ని సాఫ్ట్‌వేరుతో వాటాలు చేశారన్న మాట. చిత్రమేమిటంటే, ప్రతి వాటాదారూ మేడంతా తనదేననుకుంటాడు! ఈ వాటాలు వెయ్యడం పాత విద్యే. ఐ.బి.ఎం. వారు 1972లోనే వి.ఎం./370 పేరుతో దీన్ని బయటికి తెచ్చారు. నడుస్తున్న మెషీన్ని ఆపకుండా తరలించడం మాత్రం ఈ శతాబ్దపు ముచ్చట. 2003లో వి.ఎం.వేర్ కంపెనీ 'వీమోషన్' తెచ్చింది. 2005లో కేంబ్రిడ్జి, కోపెన్‌హేగన్ పరిశోధకులు, జనం ఆడుతున్న వీడియో ఆట తాలూకు సర్వర్ని ఆట సాగుతుండగానే 60 మిల్లీసెకన్ల విరామంతో తరలించి చూపించారు. రెప్పపాటు కూడా అంతకంటే ఎక్కువే!

ఎలా అంటారా? ధాన్యం కొట్టు, అంటే డిస్కు, రెండిళ్ళకీ ఉమ్మడి. దాన్ని కదపనక్కర్లేదు. మోయవలసిందల్లా మెమొరీ, అంటే వంటింటి గట్టుమీద పరుచుకున్న సామాను. ముందు ఆ సామానంతటికీ కొత్తింట్లో నకళ్ళు పెడతాం. ఈలోగా ఇల్లాలు వంట ఆపదు గనక కొన్ని గిన్నెలు మారిపోతాయి. మారినవాటికి మళ్ళీ నకలు. అప్పటికి మరికొన్ని మారతాయి. మళ్ళీ నకలు. మిగిలింది పిడికెడయ్యాక, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టమని, ఆ పిడికెడూ చేరేసి, కొత్తింట్లో గరిటె చేతికందిస్తాం. చిరునామా మారదు. ఉత్తరాలు ఇకనుంచి ఈ గుమ్మంలో వెయ్యమని నెట్‌వర్క్‌కి కబురుపెడతాం, అంతే.

మరి నువ్వు చేసేదేమిటయ్యా అంటే, చూస్తూ ఉండడం. మా ఆవిడ అంటూంటుంది: "ఏమండీ, అందరి మొగుళ్ళూ పనిచేసి అలిసిపోతారు. మీరు చూసి అలిసిపోతారేమిటి?"

చూడడం తేలికేం కాదు సుమండీ! లోపలివాళ్ళ మాట పూర్తిగా నమ్మడానికి లేదు. వాటాదారుని అడిగితే, "నా ప్రాసెసర్ సగమే వాడుతున్నాను, అయినా పని సాగడం లేదు" అంటాడు. పక్కవాటావాళ్ళు నీళ్ళన్నీ తోడేసుకుంటే ఇతని కుళాయిలో ధార సన్నబడ్డట్టు, ఇతని వంతు కాలాన్ని ఇతరులు వాడుకున్నారన్న మాట. దానికి 'స్టీల్ టైమ్' అని పేరు, అంటే దొంగతనానికి పోయిన కాలం. కొన్ని పద్ధతుల్లో అది లోపలివాడికి కనిపిస్తుంది, కొన్నిటిలో కనిపించనే కనిపించదు. అందుకే మేడ బయట నిలబడి అన్ని వాటాలనీ, వాటికింద ఉన్న పునాదినీ ఒక్కచూపులో చూసేవాడు ఒకడుండాలి.

కిందటి వానాకాలంలో ఒక రాత్రి ఆ పునాదే బీట తీసింది. మెమొరీలో అప్పుడప్పుడు ఒక అంకె తారుమారవడం, సర్వరు తనంతట తానే దిద్దుకుని చిట్టాలో రాసుకోవడం మామూలే. ఆ రాత్రి అలాంటి దిద్దుబాట్లు నిమిషానికి పదులకొద్దీ వచ్చాయి. దిద్దడానికి వీల్లేని తప్పు ఒక్కటి పడిందా, సర్వరు నిలిచిపోతుంది. అందులో ఉన్న 24 కాపురాలూ ఒక్కసారి వీధిన పడతాయి.

గంటలోపల 23 తరలించాం. ఇరవైనాలుగోది కదలనంది. అది ఒక ఆస్పత్రి వారిది. దాని మెమొరీ 64 గిగాబైట్లు. మా దారిలో సెకనుకి 1250 మెగాబైట్లు పోతాయి గనక, లెక్కప్రకారం నిమిషంలో చేరాలి. కాని లోపల ఏదో పెద్ద వంట జరుగుతోంది. మేం మోసేదానికంటే వేగంగా గిన్నెలు మారిపోతున్నాయి. 3 గిగాబైట్లు మిగిలింది అనుకునేసరికి 5 అవుతుంది!

నాతో డ్యూటీలో ఉన్న కుర్రాడు, "సార్, ముందు మెషీన్ని అవతలికి పంపేసి, మిగిలిన మెమొరీ వెనకనుంచి తెప్పించుకుందామా?" అన్నాడు.

"వద్దు నాయనా," అన్నాను. "దారిలో ఉండగా ఈ సర్వరు పోయిందనుకో, సగం కాపురం ఇక్కడా సగం అక్కడా అయి రెండూ దక్కవు."

ప్రాసెసర్ వేగం తగ్గించే ఉపాయం ఇంకోటి ఉంది. ఆస్పత్రికి ఫోను చేశాను. రాత్రి డ్యూటీ గుమాస్తా హడలిపోయాడు. "సార్, వేగం తగ్గించకండి. ఎమర్జెన్సీ వార్డుకి రక్తపరీక్షల రిపోర్టులు ఇందులోనే వస్తాయి. ఇప్పుడు ముగ్గురికి ఎదురుచూస్తున్నారు!"

"రిపోర్టులు కాక ఇంకేం నడుస్తోంది బాబూ?"

"నెలాఖరు బిల్లుల లెక్క సార్."

"దాన్ని కాస్త ఆపగలరా?"

ఆపాడు. అంకె 5నుంచి 2కీ, 2నుంచి సున్నాకీ దిగింది. కాపురం కొత్తింట్లో అడుగుపెట్టింది. ఫోను పెట్టకుండానే అడిగాను, రిపోర్టులు వస్తున్నాయా అని. "ఆగితే కదా సార్, రావడానికి!" అన్నాడతను.

తెల్లవారుజామున పాత సర్వరు నిలిచిపోయింది. లోపల ఎవరూ లేరు.

వారం తిరక్కుండా ఆస్పత్రినుంచి ఉత్తరం వచ్చింది. ధన్యవాదాలేమో అనుకుని మా కుర్రాడు ఆత్రంగా తెరిచాడు. ఫలానా తేదీన నెలాఖరు బిల్లులు రెండు గంటలు ఆలస్యమైనందుకు సంజాయిషీ ఇవ్వవలసిందట! వాడి మొహం చిన్నబోయింది. నాకు మాత్రం నవ్వొచ్చింది. రక్తపరీక్షల ఊసు ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు మరి.