ఏడు ప్రశ్నలకు మా అమ్మ చెప్పిన జవాబు

పూర్వ విద్యార్థినులను వ్యాసం రాయమంటే చాలామంది చదువు విలువ గురించి రాస్తారు. నేను మొగుడు పెళ్ళాన్ని కొట్టడం గురించి రాస్తున్నాను. మేడమ్ అచ్చు వేయిస్తారనే నమ్మకం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019–21లో జరిగింది. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళను అందులో ఒక మాట అడిగారు. భర్త భార్యను కొట్టడం సబబేనా అని. ఏడు కారణాలు ఒక్కొక్కటిగా చెప్పి అడిగారు: చెప్పకుండా బయటికి వెళ్తే, ఇంటినీ పిల్లలనూ పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, పడక దగ్గర కాదంటే, వంట సరిగ్గా చేయకపోతే, అనుమానం వస్తే, అత్తమామలను గౌరవించకపోతే. ఒక్క కారణానికైనా సరే, కొట్టొచ్చు అన్న ఆడవాళ్ళు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. హిమాచల్ ప్రదేశ్‌లో 14.8 శాతమే. మన దగ్గర మగవాళ్ళలో అలా అన్నవాళ్ళు 70 శాతం, అంటే ఆడవాళ్ళకంటే తక్కువ! పదిహేనేళ్ళంటే టెన్త్, ఇంటర్ వయసు. కాబట్టి ఈ లెక్కలో మీలాంటి పెళ్ళికాని పిల్లల జవాబులు కూడా ఉన్నాయి.

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఊరికి పోయినప్పుడు ఆ ఏడూ మా అమ్మను అడిగాను. పత్తి ఏరి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నది. నాలుగింటికి అవునన్నది. "అత్తను లెక్కచెయ్యకుంటె కొట్టడా మరి? ఊకెనే కొడ్తడా బిడ్డా?" అన్నది. మా నాయిన చేతి దెబ్బలు తిన్న మనిషే ఆమె.

"మరి అదే కారణానికి బావ అక్కను కొడితే?" అన్నాను.

"ఎట్ల కొడ్తడు? నా బిడ్డ మీద చెయ్యేస్తే ఊకుంటనా?"

బంగ్లాదేశ్ పల్లెల్లో ఇలాంటి ప్రశ్నల మీదే పనిచేసిన సిడ్నీ రూథ్ షూలర్, ఫర్జానా ఇస్లాం అనే పరిశోధకులు 2008లో ఇంచుమించు ఇదే చెప్పారు. ఆడవాళ్ళు చాలాసార్లు తమ మనసులోది కాక ఊరి ఆచారాన్ని జవాబుగా చెప్తారని. అలాగని ఆ 83.8ని కొట్టిపారేయలేం. దెబ్బలు తిన్నామని చెప్పడానికి ఇంటికి వచ్చిన ఆడపిల్లను వెనక్కి పంపేది ఆ ఆచారమే.

మన హాస్టల్లో డిసెంబర్ 10న మానవ హక్కుల మీద వ్యాసరచన పోటీ పెట్టేవారు. అంటరానితనం, పోలీసు లాఠీ, 1989 అట్రాసిటీ చట్టం గురించి అందరం బాగా రాసేవాళ్ళం. ఇంట్లో దెబ్బల ఊసు ఒక్క పేపర్లోనూ ఉండేది కాదు. మా ఊళ్ళో అయితే పెద్దకులం వాళ్ళు కొడితే కేసు పెట్టించిన పెద్దమనుషులే, మొగుడు కొట్టాడని వచ్చిన ఆమెను సర్దుకుపొమ్మన్నారు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన ముసాయిదాలో మొదట 'మగవాళ్ళందరూ' అని అర్థమొచ్చే మాట ఉండేది. దాన్ని 'మనుషులందరూ' అని మార్పించింది మన దేశం తరఫున వెళ్ళిన హంసా మెహతా. ఆ పోటీలకు ఈ సంగతి తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

ఆ తరువాత ఏడాది తిరగకముందే అక్క చిట్లిన పెదవితో వచ్చింది. దేశం మొత్తం మీద ఇలాంటి హింసకు గురైనవాళ్ళలో 77 శాతం మంది ఎవరికీ చెప్పుకోలేదని అదే సర్వేలో ఉంది. అక్క కూడా రెండేళ్ళు చెప్పలేదు. నేను 181కి ఫోన్ చేశాను. వాళ్ళు జిల్లా సఖి కేంద్రానికి వెళ్ళమన్నారు. గృహహింస చట్టం 2006 అక్టోబర్ 26 నుంచి అమలులో ఉంది. అది భార్యకే కాదు, ఇంట్లో ఉండే తల్లికీ, కూతురికీ, చెల్లెలికీ వర్తిస్తుంది. ఆ చట్టం కిందే కేసు వేశాం.

అక్క ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటున్నది. కేసు నడుస్తున్నది. "జర సర్దుకుంటె అయిపోవు గదనే" అని అమ్మ వారానికోసారి అంటుంది. వాయిదా రోజు పొద్దున్నే లేచి సద్ది కట్టి, బస్సు కిరాయి చేతిలో పెట్టేదీ ఆమే.