ఊరికి వచ్చు బస్సు

సంధ్యవెలుగు సన్నగిల్లి చీకటి ముసురుకొను వేళ ఊరి చివరి రావిచెట్టు క్రింద నలుగురైదుగురు చేరుదురు. పట్టణములో చదువుచున్న కుమార్తె కొరకు ఒకరు, ఆసుపత్రికి వెళ్ళిన అన్న కొరకు మరియొకరు, ఏ పనియు లేకయే ఇంకొకరు ఎదురుచూచుచుందురు. దూరమున రెండు దీపములు కనబడును. “బస్సు వచ్చుచున్నది” అను మాట వీధి పొడవున ప్రాకును. అది ఆ ఊరి నైట్‌హాల్టు బస్సు. డ్రైవరు, కండక్టరు ఆ రాత్రి అచ్చటనే పరుండి, కోడి కూయగనే తిరిగి బయలుదేరుదురు. ఇంటింట గడియారములు లేని దినములలో ఆ బస్సే పల్లెకు గడియారము. “తొలి బస్సు పోయినది, ఇంకను నిదురయేనా?” అని తల్లులు పిల్లలను లేపెడివారు.

ఇంతటి చనవుతో పల్లెబ్రతుకులో కలిసిపోయిన ఆర్టీసీ బస్సు ఒక్కనాట పుట్టినది కాదు. 1932వ సంవత్సరము జూన్ నెలలో హైదరాబాదు సంస్థానమున నిజాం రాష్ట్ర రైల్వేకు ఒక శాఖగా బస్సుల రవాణా ప్రారంభమాయెను. నాటి బలగమెల్ల 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. రైలువారు బస్సులు నడుపుట వింతగా తోచవచ్చును గాని, ఆలోచించినచో అందు యుక్తి కలదు. పట్టాలు పరచుటకు వ్యయప్రయాసలు మెండు. పట్టాలు పోని చోటికి బస్సు పోగలదు.

హైదరాబాదు గౌలిగూడలో విమానములను ఉంచుటకై కట్టిన పెద్ద ఇనుపరేకుల శాల ఆ బస్సులకు డిపో ఆయెను. తరతరముల ప్రయాణికులకు నీడనిచ్చిన ఆ శాల 2018 జూలై 5వ తేదీన కూలిపోయెను. శిథిలమైనదని గ్రహించి ముందే ఖాళీ చేయించుటచే ప్రాణహాని కలుగలేదు. నిజాం తన తల్లి జహ్రా బేగం పేరునకు గుర్తుగా బస్సుల నంబర్లలో ‘జెడ్’ అక్షరమును చేర్పించెనని చెప్పుదురు. ఆ అక్షరము నేటి ఆర్టీసీ బస్సుల నంబర్లలోను కనబడుచుండును.

కోస్తా, రాయలసీమ ప్రాంతములలో ఆ కాలమున ప్రైవేటు యజమానులు బస్సులు నడిపెడివారు. రెండవ ప్రపంచయుద్ధ దినములలో పెట్రోలు కరవై బొగ్గు బస్సులు వచ్చెను. బొగ్గులను రాజబెట్టి, వచ్చిన వాయువుతో ఇంజను నడుపుట వాని పద్ధతి. జనము నిండినగాని బస్సు కదలుట అరుదు. ప్రయాణికుడు బస్సు కొరకు, బస్సు ప్రయాణికుల కొరకు కాచుకొని యుండెడి కాలమది.

1951లో హైదరాబాదు బస్సులు రైల్వేనుండి విడివడి రాష్ట్రప్రభుత్వము క్రిందికి వచ్చెను. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించిన పిదప, 1958 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడెను. క్రమక్రమముగా ఇతర జిల్లాల మార్గములును దాని చేతికి వచ్చెను. 27 బస్సులతో మొదలైన సంసారము 1999 నాటికి 18,000 పైచిలుకు బస్సులతో ప్రపంచములోనే పెద్దదిగా గిన్నిస్ గ్రంథమున కెక్కెను.

సేవలును పలువిధములుగా పెరిగెను. దూరపు నగరములకు గరుడ, సూపర్ లగ్జరీ, జిల్లాల నడుమ ఎక్స్‌ప్రెస్, తిరుమల కొండదారి మలుపులపై సప్తగిరి, ఊరూరికి పల్లెవెలుగు. మేడారము జాతరకు, సంక్రాంతి పండుగకు ప్రత్యేకముగా బస్సులు కదలును. విద్యార్థికి పాసు కలదు. కూరగాయల గంపయు, పెండ్లివారి పెట్టెయు ఆ బస్సులోనే ప్రయాణము చేయును.

అయితే ఈ సంస్థ గొప్పతనము గరుడ మెత్తని ఆసనములలో లేదు. ఖాళీగా నున్న పల్లెవెలుగు ఆసనములలో కలదు. నిండినపుడు కాక, వేళకు కదలుట దాని ధర్మము. అయిదుగురే ఎక్కినను బస్సు కదలవలసినదే. ఆ అయిదుగురి టికెట్ల సొమ్ము ఆయిలు ఖర్చునకైనను చాలకపోవచ్చును. రద్దీ మార్గమున వచ్చిన లాభముతో ఈ దారి నష్టమును పూడ్చుట చిరకాలముగా వచ్చుచున్న పద్ధతి. ఇంటిలో సంపాదించు అన్న చదువుకొను తమ్ముని పోషించినట్లే యిదియు. లాభమిచ్చు దారినే పట్టి పోవు వాహనములు పెరిగిన కొలది అన్న సంపాదన తగ్గును. తమ్ముని చదువునకు ముప్పు వచ్చును.

2014లో రాష్ట్రము విడిపోయిన పిదప సంస్థయు రెండాయెను. 2019లో తెలంగాణమున ఉద్యోగులు 52 దినములు సమ్మె చేసిరి. 2020 జనవరి 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశమున ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులైరి. తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీన, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15వ తేదీన స్త్రీలకు ఎంపిక చేసిన బస్సులలో ఉచిత ప్రయాణము మొదలాయెను. ఛార్జీ లేకున్నంత మాత్రమున ప్రయాణమునకు ఖర్చు లేదని కాదు. ఆయిలునకు, టైర్లకు, జీతములకు ఎవరో ఒకరు సొమ్ము పెట్టవలయును. ప్రభుత్వము పెట్టిన సొమ్మును ప్రజల సొమ్మే గదా!

కావున బస్సు పరుల ఆస్తి కాదు. టికెట్టు లేక దిగిపోవువాడు, ఆసనమును బ్లేడుతో కోయువాడు, ఊరేగింపులో అద్దముపై రాయి విసరువాడు తమ యింటి గోడనే పగులగొట్టుకొనుచున్నారు. అద్దము పగిలిన బస్సు మరునాడు ఏ పల్లెకు రాదో, ఆ పల్లెలో ఏ బాలిక బడికి పోలేదో విసరినవానికి తెలియదు.

తెల్లవారుచున్నది. రావిచెట్టు క్రింద డ్రైవరు ముఖము కడిగికొని ఇంజను కదిలించును. పాల క్యానుతో ఒక రైతు, మందుల చీటీతో ఒక ముదుసలి, పుస్తకాల సంచితో ఒక బాలిక ఎక్కుదురు. కండక్టరు ఒకసారి వీధివైపు చూచును. మరెవరును వచ్చుట లేదు. ఆసనములు పెక్కు ఖాళీగానే యున్నవి. అయినను వేళ యైనది. “రైట్!” అని ఆతడు కేక వేయగా బస్సు కదలిపోవును. ఆ బాలిక నాడు మొదటి గంట మ్రోగకమునుపే తన తరగతిలో కూర్చుండును.