దేవనహళ్ళిలో ఒక తనిఖీ

బెంగళూరు వచ్చినవారు లాల్‌బాగ్, నంది కొండ చూసి మురిసిపోతారు. నేను దేవనహళ్ళి విమానాశ్రయంలో మరో విశేషం చూశాను. అమెరికా నుంచి తిరిగొచ్చిన మా మేనకోడలి కుక్కకూ అక్కడ తనిఖీ తప్పలేదు! ముందే తీసుకున్న అనుమతి పత్రం, అక్కడి పశువైద్యుడిచ్చిన ఆరోగ్య పత్రం, రేబిస్ టీకా వివరాలు చూసి, కుక్కను పరీక్షించాకే కేంద్ర పశు క్వారంటైన్ అధికారి పంపించారు. జబ్బు లక్షణాలుంటే వేరుగా ఉంచుతారు.

ఇంత పట్టింపు దేనికని విసుక్కోకండి. దీనికి ఆధారమైన చట్టం 1898 నాటిది. 2001లో మాంసం, పాలు, గుడ్ల ఉత్పత్తులూ దాని కిందికి వచ్చాయి. అవతలి దేశాలదీ ఇదే జాగ్రత్త. మన పశువుల్లో గాలికుంటు ఇంకా ఉంది కనుకే, అమ్మాయి పెట్టెలో మనం సర్దిన మటన్ పచ్చడిని అమెరికాలో రానివ్వరు. పచ్చడి పోతే మళ్ళీ పెట్టుకోవచ్చు. పాడి పశువు పోతే రైతు ఇల్లే గడవదు కదా!